నొప్పిమందు ఎక్కడ పనిచేయాలి?

1897 ఆగస్టులో జర్మనీలోని బాయర్ కంపెనీ ప్రయోగశాలలో కొద్ది రోజుల తేడాతో రెండు మందులు తయారయ్యాయి. ఒకటి యాస్పిరిన్, రెండోది హెరాయిన్. మార్ఫిన్‌కు చిన్న రసాయన మార్పు చేసి రూపొందించిన హెరాయిన్‌ను 1898లో దగ్గుమందుగా మార్కెట్లోకి తెచ్చారు. మార్ఫిన్ చేసే మేలంతా ఇది చేస్తుందని, మార్ఫిన్‌లా మనిషిని బానిసను చేయదని అప్పటి వైద్యుల్లో చాలామంది నమ్మారు. ఒంట్లోకి వెళ్లిన హెరాయిన్ మళ్లీ మార్ఫిన్‌గానే మారుతుంది. కాకపోతే మెదడును ఇంకా త్వరగా చేరుతుంది. ఈ సంగతి అర్థమయ్యేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. నూట పాతికేళ్లు దాటినా నొప్పిమందుల పరిశోధన ఇదే ఆశ చుట్టూ తిరుగుతోంది: పాత మందులోని మేలును ఉంచుకోవాలి, కీడును తీసేయాలి. ఆ ఆశతో వచ్చిన మందుల్లో కొన్ని నిలిచాయి, చాలా వాటిని మధ్యలోనే వదిలేయాల్సి వచ్చింది, కొన్ని ప్రాణాలు తీశాయి. ఏది ఎందుకు నిలిచింది, ఏది ఎందుకు కూలింది అని వరసగా చూసుకుంటూ వస్తే ఒక విషయం తేటపడుతుంది. నొప్పిమందు దుష్ప్రభావమని మనం అనేది చాలాసార్లు ఆ మందు చేసే అసలు పనే. జరగకూడని చోట జరుగుతుంది, అంతే. కాబట్టి పాత మందునే ఎంత చెక్కినా ఫలితం కొద్దిగానే ఉంటుంది. మందు పనిచేసే చోటును మార్చాలి, అది ఏ నొప్పిని తగ్గించాలో ముందే తేల్చుకోవాలి. ఈ రెండూ జరిగిన చోటే నిజమైన ముందడుగు పడింది.

నొప్పి ప్రయాణం చర్మంలోనో కీలులోనో పేగులోనో ఉన్న నాడి కొసల దగ్గర మొదలవుతుంది. దెబ్బ తగిలినా, వాపు వచ్చినా, వేడి సోకినా అక్కడ పుట్టిన విద్యుత్ సంకేతం వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. మెదడు దాన్ని బాధగా గుర్తిస్తుంది. మన చేతిలో ఉన్న పాత మందులు ఈ దారిలో వేర్వేరు చోట్ల అడ్డుపడతాయి. యాస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి గాయమైన చోట ప్రొస్టాగ్లాండిన్లు తయారు కాకుండా ఆపుతాయి. ఈ రహస్యాన్ని 1971లో జాన్ వేన్ బయటపెట్టాడు, 1982లో నోబెల్ బహుమతి అందుకున్నవారిలో ఒకడయ్యాడు. అయితే ప్రొస్టాగ్లాండిన్లు నొప్పి కోసమే పుట్టినవి కావు. జీర్ణాశయం లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేలా చూసేవీ అవే. మోకాలి నొప్పికి వేసుకున్న మాత్ర రక్తంలో కలిసి కడుపుకూ కిడ్నీకీ కూడా వెళ్తుంది, అక్కడ కూడా అదే పని చేస్తుంది. అల్సర్లు, రక్తస్రావం, కిడ్నీ దెబ్బతినడం అలా వస్తాయి. మార్ఫిన్ కథా ఇంతే. అది అతుక్కునే గ్రాహకాలు నొప్పి దారిలోనే కాక ఊపిరిని నడిపే మెదడు కాండంలోనూ, సంతోషాన్ని కలిగించే నాడుల్లోనూ, పేగు గోడల్లోనూ ఉన్నాయి. ఊపిరి మందగించడం, వ్యసనం, మలబద్ధకం మూడూ ఆ గ్రాహకాల పనితీరు నుంచే వస్తాయి.

మేలును కీడు నుంచి విడదీయవచ్చన్న ఆశ ఎంత బలంగా పుట్టి ఎలా దెబ్బతిన్నదో చెప్పడానికి కాక్స్-2 మందులను మించిన ఉదాహరణ లేదు. ప్రొస్టాగ్లాండిన్లను తయారుచేసే కాక్స్ ఎంజైము రెండు రకాలుగా ఉంటుందని 1990ల మొదట్లో తేలింది. కాక్స్-1 కడుపును కాపాడే రోజువారీ పని చేస్తుంది, కాక్స్-2 వాపు, నొప్పి ఉన్నచోట పెరుగుతుంది. రెండోదాన్ని మాత్రమే ఆపితే కడుపు చెడకుండా నొప్పి తగ్గుతుందన్న తర్కం ఎంతో అందంగా ఉంది. 1998 చివర్లో సెలికాక్సిబ్, 1999లో రోఫెకాక్సిబ్ అమెరికాలో అనుమతి పొందాయి. కడుపు విషయంలో తర్కం నిజమే అయింది. సుమారు 8 వేల మంది రుమటాయిడ్ కీళ్లవాత రోగులపై జరిగి 2000లో వెలువడిన విగర్ అధ్యయనంలో నాప్రొక్సెన్‌తో పోలిస్తే రోఫెకాక్సిబ్ వాడినవారిలో తీవ్రమైన జీర్ణకోశ సమస్యలు సగానికి సగం తగ్గాయి. అదే అధ్యయనంలో గుండెపోట్లు నాలుగు రెట్లు కనిపించాయి. రక్తనాళాల గోడల్లో తయారై రక్తం గడ్డకట్టకుండా చూసే ప్రొస్టాసైక్లిన్ ఎక్కువగా కాక్స్-2 మీద ఆధారపడుతుంది. గడ్డకట్టించే థ్రాంబాక్సేన్ ప్లేట్‌లెట్లలోని కాక్స్-1 నుంచి వస్తుంది. ఒకదాన్ని ఆపి రెండోదాన్ని వదిలేయడంతో తూకం గడ్డకట్టే వైపు ఒరిగింది. నాప్రొక్సెన్ గుండెను కాపాడటం వల్లే ఆ తేడా కనిపించిందని రోఫెకాక్సిబ్ తయారీ కంపెనీ వాదించింది. చివరికి మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చిన మరో దీర్ఘకాల అధ్యయనం కూడా అదే ప్రమాదాన్ని చూపడంతో 2004 సెప్టెంబరు 30న మందును వెనక్కి తీసుకుంది. అప్పటికి ప్రపంచంలో సుమారు 8 కోట్ల మంది దాన్ని వాడారు. ఆ ఏడాది చివర్లో భారతదేశమూ నిషేధించింది. ఇక్కడ కీడు పోలేదు. కడుపు నుంచి గుండెకు మారింది.

ఆ పాఠం కొత్త మందులకే పరిమితం కాదని తర్వాతి పరిశోధనలు చూపాయి. లక్షల మంది రోగుల సమాచారాన్ని కలిపి 2013లో లాన్సెట్ పత్రికలో వెలువడిన విశ్లేషణ ప్రకారం, మన మెడికల్ షాపుల్లో అడిగిన వెంటనే చేతికొచ్చే డైక్లోఫెనాక్ కూడా ఎక్కువ మోతాదులో వాడితే గుండె విషయంలో కాక్స్-2 మందుల స్థాయి ప్రమాదమే తెస్తుంది. పాతది కాబట్టి సురక్షితమన్న నమ్మకానికి ఆధారం లేదు. డైక్లోఫెనాక్ చేసిన హాని మనుషుల దగ్గర ఆగలేదు కూడా. పశువులకు ఇచ్చిన ఆ మందు కళేబరాల ద్వారా రాబందులకు చేరి, వాటి మూత్రపిండాలను పాడుచేసి, మూడు జాతుల సంఖ్యను భారత ఉపఖండంలో 95 శాతానికి పైగా పడగొట్టింది. 2004లో కారణం తెలిసింది, 2006లో పశువైద్యంలో దాని వాడకాన్ని మన ప్రభుత్వం నిషేధించింది. అదే తరగతికి చెందిన మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని తేలి, దాన్ని ప్రత్యామ్నాయంగా సూచించారు. ఏ జీవిలో, ఏ అవయవంలో, ఎంతకాలం పనిచేస్తుందన్నదాన్ని బట్టే మందు మంచిచెడులు తేలుతాయి. కొన్ని వందల మందిపై కొన్ని వారాలు జరిపే పరీక్ష ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పలేదు.

మార్ఫిన్ వైపు జరిగిన ప్రయత్నాలది ఇంకా పొడవైన కథ. 1973లో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ మార్ఫిన్ వంటి ఓపియాయిడ్ మందులు అతుక్కునే గ్రాహకాలు మెదడులో ఉన్నాయని చూపారు. ఆ గ్రాహకాల్లో మ్యూ అనే రకం లేకుండా పుట్టించిన ఎలుకల్లో మార్ఫిన్ నొప్పినీ తగ్గించలేదు, అలవాటునూ కలిగించలేదు. 1996 నాటి ఈ ప్రయోగం మేలూ కీడూ ఒకే తలుపు గుండా వస్తున్నాయని తేల్చింది. అయితే 1999లో లారా బోన్, ఆమె సహచరులు మరో దారి చూపించారు. గ్రాహకం లోపలికి పంపే సంకేతాల్లో బీటా అరెస్టిన్ అనే ప్రొటీను ద్వారా సాగే శాఖ ఒకటుంది. ఆ ప్రొటీను లేని ఎలుకల్లో మార్ఫిన్ నొప్పిని మరింత బాగా తగ్గించింది. ఊపిరి మందగించడం కూడా తక్కువేనని ఆ తర్వాత రాశారు. అంటే ఒక శాఖను మాత్రమే కదిలించే మందు దొరికితే చాలన్నమాట. పదేళ్లకు పైగా ఎన్నో ప్రయోగశాలలు ఈ వెతుకులాటలో మునిగిపోయాయి. 30 లక్షలకు పైగా అణువులను కంప్యూటర్‌లో గ్రాహకానికి అమర్చి చూసి ఎంపిక చేసిన పీజెడ్ఎమ్-21 గురించి 2016లో నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసం పెద్ద సంచలనం. రెండేళ్లు తిరగకుండానే ఇతర ప్రయోగశాలలు అది కూడా ఎలుకల్లో ఊపిరిని మందగింపజేస్తుందని చూపాయి. బీటా అరెస్టిన్ శాఖను పూర్తిగా తెంచిన ఎలుకల్లోనూ మార్ఫిన్ ఊపిరిని దెబ్బతీసింది. ఇదే ఆలోచన నుంచి వచ్చిన ఒలిసెరిడీన్‌ను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో తిరస్కరించి, 2020లో ఆసుపత్రిలో రక్తనాళం ద్వారా ఇచ్చేందుకు మాత్రమే అనుమతించింది. వ్యసనం, ఊపిరి గురించిన హెచ్చరికలు దాని మీదా ఉన్నాయి. ఈ కొత్త అణువులు కొంత సురక్షితంగా కనిపించడానికి కారణం అవి గ్రాహకాన్ని బలహీనంగా కదిలించడమేనని 2020లో ఒక బృందం వాదించింది. అదే నిజమైతే దక్కిన భద్రత మోతాదు తగ్గించినట్టిదే.

అణువును మార్చకుండా కేవలం మాట మార్చి జరిగిన ఘోరం మరొకటి. 1996లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చిన ఆక్సికాంటిన్‌లో ఉన్నది పాత ఓపియాయిడ్ అయిన ఆక్సికోడోనే. నెమ్మదిగా విడుదలవుతుంది కాబట్టి దుర్వినియోగం తక్కువగా ఉంటుందని భావిస్తున్నట్టు దాని లేబుల్ మీద రాశారు. ఓపియాయిడ్లు వాడిన రోగుల్లో వ్యసనం అరుదని 1980లో ఒక వైద్య పత్రికలో వచ్చిన అయిదు వాక్యాల ఉత్తరాన్ని ఆ తర్వాత 600 సార్లకు పైగా ఉటంకించారు. ఆ ఉత్తరం ఆసుపత్రిలో చేరినవారి గురించి మాత్రమే చెప్పింది, నెలల తరబడి ఇంట్లో మాత్రలు మింగేవారి గురించి ఒక్క మాటా అనలేదు. 2021 నాటికి అమెరికాలో మోతాదు మించి చనిపోయినవారు ఏడాదికి లక్ష దాటారు. వారిలో ఎక్కువమంది ఓపియాయిడ్ల వల్ల, అందులోనూ ప్రధానంగా చాటుగా తయారైన ఫెంటనిల్ వల్ల పోయారు. కానీ ఆ దారి తెరుచుకున్నది మందుల చీటీలతోనే. ఆధారం లేని భద్రతను ఆధారం ఉన్నట్టు ప్రకటించడం కూడా ఒక విషమేనని ఈ చరిత్ర చెబుతోంది.

మరి మెదడును వదిలేసి, నొప్పి పుట్టే చోటే దాన్ని ఆపేస్తే? ఈ దారి సరైనదే గాని తేలికైనది కాదు. గుంటూరు మిరపకాయ నోట్లో పెడితే మంట పుట్టించే క్యాప్సేసిన్ ఏ ద్వారాన్ని తెరుస్తుందో 1997లో డేవిడ్ జూలియస్ కనిపెట్టాడు. 2021 నోబెల్ బహుమతికి ఆ పని ఒక కారణం. టీఆర్‌పీవీ-1 అనే ఆ ద్వారమే కాలే వేడిని కూడా పసిగడుతుంది. దాన్ని మూసే మందులు నొప్పి తగ్గిస్తాయనుకున్నారు. మనుషుల మీద ప్రయత్నిస్తే కొందరికి జ్వరం 40 డిగ్రీల సెల్సియస్ దాకా పెరిగింది. ఇంకొన్ని మందులు వాడినవారు కాలే వేడినీళ్లను కూడా గుర్తించలేకపోయారు. ఆ ద్వారం శరీర ఉష్ణోగ్రతను నిలపడంలో కూడా పాలుపంచుకుంటుందని అప్పుడు అర్థమైంది. నాడులను పెంచే ఎన్‌జీఎఫ్ అనే ప్రొటీనును కట్టడి చేసే టానెజుమాబ్ కూడా ఇలాగే కూలింది. కీళ్ల అరుగుదల నొప్పిని అది బాగానే తగ్గించింది, కానీ కొందరిలో కీళ్లు అనూహ్యమైన వేగంతో నాశనమయ్యాయి. 2021 మార్చిలో ఎఫ్‌డీఏ సలహా సంఘం 19-1 ఓట్లతో దాన్ని కాదంది, ఆ ఏడాదే తయారీ కంపెనీలు దాన్ని వదిలేశాయి. నొప్పి శరీరానికి కాపలా కూడా. అరిగిన కీలు మీద బరువు మోపకుండా ఆపేది ఆ నొప్పే. దాన్ని మొత్తంగా చెరిపేస్తే దెబ్బ ముదిరేదాకా తెలియదు.

ఈ సంగతిని కళ్లకు కట్టించింది పాకిస్థాన్ ఉత్తర ప్రాంతంలోని ఒక బాలుడి కథ. చేతుల్లోంచి కత్తులు దింపుకుంటూ, నిప్పుల మీద నడుస్తూ వీధుల్లో ప్రదర్శనలిచ్చే ఆ అబ్బాయికి నొప్పి అంటే ఏమిటో తెలియదు. పద్నాలుగేళ్లు నిండేనాటికి ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. అతని బంధువర్గాన్ని, అలాంటి మరికొన్ని కుటుంబాలను పరిశీలించిన కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జెఫ్రీ వుడ్స్ బృందం వారిలో ఎన్ఏవీ-1.7 అనే సోడియం ద్వారం పనిచేయడం లేదని 2006లో ప్రకటించింది. సోడియం అయాన్లు ఈ ద్వారాల గుండా నాడీ కణంలోకి దూసుకువస్తేనే నొప్పి సంకేతం ముందుకు సాగుతుంది. ఒక్క ద్వారం మూతపడితే నొప్పే లేకుండా పోతుందంటే మందుల కంపెనీలకు అంతకంటే మంచి గురి ఏముంటుంది? పదేళ్లకు పైగా ఎన్నో కంపెనీలు దాని వెంట పడ్డాయి. ఫలితాలు నిరాశ కలిగించాయి. పుట్టుకతోనే ద్వారం లేని శరీరం వేరు, పెద్దయ్యాక దాన్ని మందుతో కొంతమేర మూయడం వేరు. ఆ ద్వారం లేనివారిలో సహజ ఓపియాయిడ్లు ఎక్కువగా పనిచేస్తున్నాయని, ఓపియాయిడ్లను అడ్డుకునే నలోక్సోన్ ఇస్తే అలాంటి మహిళ ఒకరికి నొప్పి తెలిసిందని 2015లో లండన్ పరిశోధకులు చూపారు. పైగా గుండెలో, కండరాల్లో ఉన్న ఇలాంటి ద్వారాలను తాకకుండా దీన్ని ఒక్కదాన్నే మూయడం కష్టం.

గెలుపు పక్క ద్వారం దగ్గర దొరికింది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జాన్ వుడ్ బృందం 1996లో గుర్తించిన ఎన్ఏవీ-1.8 ద్వారం ఎక్కువగా వెన్నుపాముకు వెలుపల నొప్పిని మోసే నాడుల్లోనే ఉంటుంది, మెదడులో దాదాపు ఉండదు. దాన్ని ఎంపిక చేసుకుని మూసే సుజెట్రిజీన్‌ను వెర్టెక్స్ కంపెనీ తయారుచేయగా, 2025 జనవరి 30న ఎఫ్‌డీఏ అనుమతించింది. తాత్కాలికమైన మధ్యస్థ, తీవ్ర నొప్పులకు ఇచ్చే ఈ మందు జర్నావ్ఎక్స్ పేరుతో అమ్ముడవుతోంది. పొట్ట కొవ్వు తీసే శస్త్రచికిత్స, బొటనవేలి ఎముకను సరిచేసే శస్త్రచికిత్స చేయించుకున్న రెండు వేల మందికి పైగా రోగుల మీద జరిగిన రెండు ప్రధాన పరీక్షల్లో 48 గంటల నొప్పిని ఇది ఉత్తుత్తి మాత్ర కంటే స్పష్టంగా తగ్గించింది. మెదడు గ్రాహకాలను తాకని మందు కాబట్టి ఓపియాయిడ్ల మాదిరి వ్యసనానికి, ఊపిరి ఆగడానికి ఆస్కారం కనిపించలేదు. దురద, దద్దుర్లు, కండరాల బిగుతు వంటివి కొందరికి వస్తాయి. కొన్ని ఇతర మందులతో కలిపి వాడకూడదు. ఇవి మార్ఫిన్ కీడుతో పోల్చదగినవి కావు.

దీని మీద ఉన్న అభ్యంతరాలు చిన్నవేమీ కావు. ఆ రెండు పరీక్షల్లోనూ హైడ్రోకోడోన్ అనే ఓపియాయిడ్, పారాసెటమాల్ కలిసిన మాత్రను ఇది మించలేదు. నడుము నుంచి కాలికి పాకే నాడి నొప్పిపై 2024 చివర్లో ప్రకటించిన ఫలితాల్లో సుజెట్రిజీన్ వాడినవారికీ ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ దాదాపు సమానంగా నొప్పి తగ్గింది. మార్కెట్లోకి వచ్చినప్పుడు ఒక్కో మాత్ర ధర 15.50 డాలర్లు. ఇంత డబ్బు పెట్టి పాత మందుకు సమానమైనదో తక్కువదో కొనడమెందుకని అడిగేవారి మాటను కొట్టిపారేయలేం. అయితే దుష్ప్రభావాలు తగ్గాలన్నదే లక్ష్యమైనప్పుడు, బలంలో ఓపియాయిడ్‌కు దగ్గరగా ఉండి వ్యసనం లేని మందు దొరకడం ఓటమి ఎలా అవుతుంది? శస్త్రచికిత్స తర్వాత మొదటి వారంలో ఓపియాయిడ్ అలవాటయ్యేవారి సంఖ్య కొంత తగ్గినా అది విలువైన ఫలితమే. దీర్ఘకాల నొప్పికి ఇది జవాబని ఎవరైనా అంటే మాత్రం నమ్మకూడదు, ఎందుకంటే అది ఇంకా రుజువు కాలేదు. ఈ మందు గొప్పతనం దాని బలంలో కంటే దాని వెనకున్న పద్ధతిలో ఉంది: పనిచేసే చోటును ముందుగా ఎంచుకుని, తర్వాత అణువును వెతికారు.

ఆ పద్ధతి గట్టిగా ఫలించిన మరో రంగం మైగ్రేన్. 1991లో వచ్చిన సుమాట్రిప్టాన్ మైగ్రేన్ తలనొప్పికి మంచి మందే గాని, రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి గుండెజబ్బు ఉన్నవారికి ఇవ్వకూడదు. మైగ్రేన్ వచ్చినప్పుడు సీజీఆర్‌పీ అనే చిన్న ప్రొటీను రక్తంలో పెరుగుతుందని పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్సన్ 1990లో చూపారు. దాన్ని అడ్డుకునే మొదటి తరం మందుల్లో టెల్కజిపాంట్ కాలేయాన్ని దెబ్బతీయడంతో ఆగిపోయింది. పరిశోధకులు గురిని వదలకుండా అణువును మార్చారు. 2018లో ఎరెన్యుమాబ్ సూది, 2020లో రిమెజిపాంట్ మాత్ర వచ్చాయి. ఇవి రక్తనాళాలను బిగించవు. ఇక్కడ జయానికి మూలం ఒక జబ్బు, ఒక యంత్రాంగం, దానికి సరిపోయే ఒక కొలత. మోకాలి నొప్పికీ క్యాన్సర్ నొప్పికీ వీటితో పని లేదు. ఇంత ఇరుకైన గురి పెట్టుకోవడం వల్లే అవి గెలిచాయి.

మిగిలిన చోట్ల గురి ఇంత తేటగా లేకపోవడానికి ఒక పెద్ద కారణం మనం నొప్పిని కొలిచే తీరు. ఎలుకలో నాడిని బిగించి, పాదం మీద తాకితే ఎంత త్వరగా వెనక్కి లాక్కుంటుందో లెక్కిస్తారు. మనిషిని బాధించేది నిద్ర పట్టకపోవడం, పని చేయలేకపోవడం, ఏళ్ల తరబడి మంట పెట్టే నాడులు. ఎలుకల్లో అద్భుతంగా పనిచేసిన, సబ్‌స్టెన్స్-పి అనే నాడీ రసాయనాన్ని అడ్డుకునే మందులు మనుషుల నొప్పిపై ఏ ప్రభావమూ చూపలేదు. వాటిలో ఒకటి చివరికి కీమోథెరపీ వాంతులను ఆపే మందుగా స్థిరపడింది. ఫా అనే ఎంజైమును అడ్డుకుని మన శరీరంలోని గంజాయి వంటి పదార్థాలను పెంచే మందులూ ఎలుకల్లో ఆశ చూపినవే. 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో అలాంటి మందును ఆరోగ్యవంతులైన వలంటీర్లకు ఇవ్వగా ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. దీన్ని చూపి జంతు ప్రయోగాలు మానేయమనేవారున్నారు. వాటిని మానితే తొలి ప్రమాదం నేరుగా మనిషి మీదే పడుతుంది. చేయాల్సింది వేరే ఉంది. మనుషుల జన్యువుల నుంచి గురిని ఎంచుకోవాలి. దాతల నుంచి వచ్చిన మానవ నాడీ కణాల మీద మందును చూడాలి. పరీక్షల్లో నొప్పి అంకెతో పాటు నడక, నిద్ర, పని కూడా కొలవాలి. సోడియం ద్వారాలు, సీజీఆర్‌పీ రెండూ మనుషుల్లో దొరికిన ఆధారాలతో బలపడిన గురులే.

కొత్త మందుల వేట అవసరమే లేదు, ఉన్నవాటిని సరిగా వాడితే చాలు అనే వాదానికి గట్టి ఆధారాలున్నాయి. చేయి, కాలు నొప్పులతో అత్యవసర విభాగానికి వచ్చిన 416 మందిపై 2017లో వెలువడిన అధ్యయనంలో ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ కలిపి ఇచ్చినా ఓపియాయిడ్ మిశ్రమాలు ఇచ్చినా రెండు గంటల్లో తగ్గిన నొప్పి దాదాపు ఒకటే. దీర్ఘకాల నడుము, మోకాలి, తుంటి నొప్పులున్న 240 మందిని ఏడాది పాటు గమనించిన 2018 నాటి అధ్యయనంలో ఓపియాయిడ్లు వాడినవారి రోజువారీ జీవితం ఇతర మందులవారికంటే మెరుగుపడలేదు. 2023లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం కొత్తగా వచ్చిన నడుము, మెడ నొప్పులకు ఓపియాయిడ్ ఉత్తుత్తి మాత్రను మించలేదని తేల్చింది. ఈ మేరకు ఆ వాదం సరైనదే. నాడులు దెబ్బతినడం వల్ల వచ్చే నొప్పి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది నిలవదు. షుగర్ వల్ల పాదాల్లో మంటలు, సర్పి తగ్గాక మిగిలే నొప్పి ఈ కోవలోవి. 2015 నాటి ప్రామాణిక సమీక్ష ప్రకారం ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే అదనంగా ఒక్కరికి నొప్పి సగం తగ్గాలంటే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ వంటివి సుమారు ఏడెనిమిది మందికి ఇవ్వాలి. మిగిలినవారిలో చాలామందికి నొప్పి అంతగా తగ్గదు, మగత, తల తిరగడం మాత్రం దక్కవచ్చు. షుగర్ రోగులు ఇంతమంది ఉన్న మన దేశంలో ఉన్నవాటితో సరిపెట్టుకుందామనడం న్యాయం కాదు.

ప్రకృతి నుంచి వచ్చిన మందులు ఎలాగూ హాని చేయవు కదా అనేవారికి జవాబు ఈ కథలోనే ఉంది. మార్ఫిన్ గసగసాల కాయ పాల నుంచి వచ్చింది, యాస్పిరిన్‌కు మూలమైన పదార్థం విల్లో చెట్టు బెరడులో ఉంది. శంఖునత్త విషంలోని పదార్థాన్ని అనుకరించి తయారుచేసిన జికొనోటైడ్ మార్ఫిన్ తగ్గించలేని నొప్పిని కూడా తగ్గించగలదు. దాన్ని మాత్రగా వేసుకోవడం కుదరదు, వెన్నులోకి నేరుగా పంపాలి. అక్కడ కూడా మతిభ్రమణం వంటి ప్రమాదాలు తెస్తుంది. పుట్టిన చోటును బట్టి మందు మంచిదో కాదో తేలదు, పనిచేసే చోటును బట్టి తేలుతుంది. రోజూ మింగే పారాసెటమాల్ కూడా మోతాదు మించితే కాలేయంలో విషంగా మారి ప్రాణం తీయగలదు.

మన నేల మీద ఈ ప్రశ్న రెండు వైపులా కోత పెడుతోంది. ఒకవైపు అదుపులేని వాడకం. కూలి పని చేసి వచ్చిన ఒళ్లు నొప్పులకు చీటీ లేకుండానే డైక్లోఫెనాక్ సూదులు, మిశ్రమ మాత్రలు దొరుకుతాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పెద్దఎత్తున కనిపించే కిడ్నీ వ్యాధికి అసలు కారణం ఇంకా తేలలేదు గాని, ఇప్పటికే బలహీనపడిన కిడ్నీల మీద ఈ మాత్రల భారం మోపకూడదన్న విషయంలో వైద్యులకు సందేహం లేదు. ట్రమడాల్ అనే ఓపియాయిడ్ మందు దుర్వినియోగం పెరగడంతో 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. రెండోవైపు, నిజంగా అవసరమైనవారికి మందు అందకపోవడం. చట్టబద్ధంగా నల్లమందు పండించే దేశం మనది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మార్ఫిన్ వాడకాన్ని దాదాపు అణచివేసింది, 2014 సవరణ లైసెన్సు నిబంధనలను కొంత సడలించింది. అయినా 2017 లాన్సెట్ కమిషన్ లెక్క ప్రకారం మన రోగుల అవసరంలో తీరుతున్నది సుమారు 4 శాతమే. హైదరాబాద్ ఎమ్‌ఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోని ఉపశమన వైద్య విభాగం వంటివి మార్ఫిన్‌ను పద్ధతిగా, సురక్షితంగా ఇవ్వవచ్చని చూపుతున్నాయి. జిల్లా ఆసుపత్రులన్నిటికీ ఆ సదుపాయం చేరాలి. ముందు మార్ఫిన్ అందివ్వండి, కొత్త మందుల మాట తర్వాత అని కొందరంటారు. రెండింటిలో ఒకటి ఎంచుకోవాల్సిన పని లేదు. మార్ఫిన్ చవకైన మందు, దాన్ని ఆపుతున్నది భయమూ శిక్షణ లేకపోవడమూ. నాప్రొక్సెన్ ముడిమందులో దివీస్, పారాసెటమాల్‌లో గ్రాన్యూల్స్ వంటి పెద్ద తయారీ కంపెనీలున్న హైదరాబాద్‌కు కొత్త మందులను చౌకగా తయారుచేసే సత్తా కూడా ఉంది. పరిశోధనలో కూడా అది పాలుపంచుకోవాలి.

సకల నొప్పులకూ పనిచేసి ఏ హానీ చేయని ఒకే మందు దొరుకుతుందని ఎదురుచూడటం మానాలి. దొరకబోయేవి చాలా మందులు, ఒక్కోటి ఒక్కో నొప్పికి, ఒక్కో కాలపరిమితికి. అలాంటి మందు వచ్చిందన్న వార్త విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి. ఇది శరీరంలో ఎక్కడ పనిచేస్తుంది, అదే పని ఇంకెక్కడ జరుగుతుంది? దేనితో పోల్చి మేలన్నారు, ఉత్తుత్తి మాత్రతోనా, ఇప్పుడు వాడుతున్న మంచి మందుతోనా? ఎంతమందిలో, ఎంతకాలం చూశారు? అనుమతి ఇచ్చే అధికారులు వీటికి జవాబు తీసుకోవాలి, అనుమతి తర్వాత కూడా ఏళ్ల తరబడి లెక్కలు అడగాలి. చీటీ రాసే వైద్యుడు తనను తాను అడగాలి. మెడికల్ షాపు ముందు నిలబడిన మనం కూడా కిడ్నీ, గుండె, కడుపు పరిస్థితి చెప్పకుండా, ఎన్ని రోజులు వాడాలో అడగకుండా నొప్పిమాత్ర కొనకూడదు.